పసుపు చుక్కల దారి

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తు ఉండవలసిన చోట ఉండకపోవచ్చు, అక్కర్లేని చోట దీర్ఘం సాగి ఉండవచ్చు. నా చెయ్యి చాలా నిదానం, పూటకు నాలుగు వరుసలు రాస్తే వేళ్లు లాగేస్తాయి. చదివేవాళ్లు తప్పుల్నీ ఆలస్యాన్నీ మన్నించాలి. ఇందులో వచ్చే పేరిందేవి నేనే. నా సంగతి నేనే చెప్పుకోబోతే కలం కదల్లేదు. అందుకని మా వంటింటి డబ్బా చేత చెప్పిస్తున్నాను. అది నాకన్నా నిలకడగా మాట్లాడుతుంది.

నేను ఒక ఇత్తడి డబ్బాను. జానెడు ఎత్తు, గుండ్రటి పొట్ట, బిగుతైన మూత, మెడకు అటూ ఇటూ రెండు చెవులు, పట్టుకోవడానికి వాటి మధ్య ఒక వంపు కడియం. నన్ను చేసింది అజ్జరంలో ఒక కంచరి. నన్ను చేస్తున్న రోజుల్లో అతనికి బావమరిదితో తగాదా నడుస్తోంది. వాడిని తిట్టుకుంటూ ఒక్కో దెబ్బా వేశాడు. ఆ సుత్తి గుంటలు నా పొట్ట మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసి ఎంత పనితనం అని మెచ్చుకోని వాళ్లు లేరు. మనుషులు మెచ్చుకునే వాటిలో చాలా వాటి వెనక ఇలాంటి కోపమే ఏదో ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

నన్ను కొన్నది పేరిందేవి మేనత్త. మంగళగిరిలో పెళ్లయి అత్తారింటికి వెళ్తున్న పిల్లకు సారెలో పెట్టడానికి, నిండా ముగ్గుపిండి పోసి ఇచ్చింది. పేరిందేవి బడి మొహం చూడలేదు. నేతవాళ్ల ఇంట్లో ఆడపిల్ల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి, మగ్గం ఆగకూడదు. పలక పట్టవలసిన వయసంతా ఆమెకు దారంతోనే గడిచింది. అయితే ముగ్గు పెట్టడంలో మాత్రం ఆ వీధిలో ఆమెకు సాటి లేరు. ఎన్ని చుక్కలు పెట్టినా ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వచ్చి గీత కలిపేది.

ఆమె భర్త జొన్నాదుల ధర్మలింగం. మగ్గం గుంటలో కాళ్లు పెట్టనని తండ్రితో పోట్లాడి బొంబాయి వెళ్లి, బనియన్ల మిల్లులో మెషీన్లు బాగుచేసే పని నేర్చుకున్నాడు. అక్కడి నుంచి ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్లో అల్లిక మిల్లుకు మెకానిక్కుగా వెళ్లాడు. భార్యను పిలిపించుకున్నప్పుడు ఆమె పెట్టెలో చీరల మధ్య నేనూ వెళ్లాను. దారిలో పెట్టెను ఎలా విసిరేశారో, అంత బిగుతైన నా మూతా ఊడి, పెట్టె తీసేసరికి చీరలన్నీ ముగ్గుపిండితో తెల్లబడ్డాయి.

లెస్టర్‌లో వాళ్ల వాకిలంటే రెండు గజాల సిమెంటు పలక, అది దాటితే రోడ్డు. పేరిందేవి తెల్లారి లేచి ఆ పలక మీదే ముగ్గు పెట్టేది. పక్కింటి ముసలావిడ మంచి మనిషి. పాపం ఈ పిల్ల గుమ్మం ముందు రోజూ ఎవరో ఏదో పారబోసి పోతున్నారని జాలిపడి, రోజూ బకెట్టుతో నీళ్లు తెచ్చి కడిగేది. కడిగి పేరిందేవిని చూసి నవ్వేది, పేరిందేవి కూడా నవ్వేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఈ మర్యాద కొన్నాళ్లు సాగాక పేరిందేవి విసిగిపోయి నన్ను పై అరలోకి ఎక్కించేసింది.

మళ్లీ నన్ను కిందికి దించింది ధర్మలింగం. దానికి కారణం బెర్నార్డ్.

బెర్నార్డ్ ఆ మిల్లులో సూపర్‌వైజరు. పొడుగాటి మనిషి, ఎర్రటి చెవులు. ఒకరోజు బస్సు కోసం ధర్మలింగం పరిగెత్తడం చూశాడు. ధర్మలింగం చిన్నప్పుడు మంగళగిరి కొండ మెట్ల మీద పరిగెత్తిన మనిషి. బస్సును అందుకోవడమే కాదు, దానికన్నా ముందే తరువాతి స్టాపులో నిలబడి ఉన్నాడు. ఆదివారం మాతో వస్తావా అని బెర్నార్డ్ అడిగాడు. ఊరి బయట ఎల్డర్‌బీ అనే పల్లె ఉంది. ఆ పల్లెలో ఒక పరుగు క్లబ్బు ఉంది. పొలాల గుండా పరిగెత్తి, చివరికి పొట్టేలు బొమ్మ ఉన్న పబ్బుకు చేరి బీరు తాగడం వాళ్ల వారపు నోము.

మొదటి ఆదివారం వెళ్లి వచ్చాక ధర్మలింగం చెప్పిన విశేషాలను పేరిందేవి నోరు తెరుచుకుని వింది. ఆ దేశంలో పరాయివాడి చేను నడిమధ్యనుంచి ఎవరైనా నడిచిపోవచ్చట. అది తాతల నాటి హక్కట. కంచె అడ్డం వస్తే దాటడానికి మెట్ల పలక ఉంటుందట, దారి ఎటో చూపించడానికి కర్ర మీద పసుపు రంగు బాణం కొట్టి ఉంటుందట. పొలం గలవాడు చూస్తూ ఉండగానే వీళ్లు పరిగెత్తితే వాడు చెయ్యెత్తి పలకరిస్తాడట. మా ఊళ్లో గట్టు మీద అడుగు పెడితే తలకాయలు పగులుతాయి కదండీ అందామె. వీళ్లు దొరలే అన్నాడు ధర్మలింగం మురిసిపోతూ. ఆ మురిపెం చూస్తే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

ఆ క్లబ్బువాళ్ల ఆట ఒకటుంది. వారం వారం ఒకరు ముందుగా వెళ్లి పొలాల్లో దారి వేసి రావాలి. గోధుమపిండి తీసుకుని పది పదిహేను గజాలకొక చుక్క పెట్టుకుంటూ పోతారు. చుక్క కనిపిస్తే దారి సరైనదే. సున్నా గీసి ఉంటే అక్కడ దారి తెగింది, తలో దిక్కూ వెతకాలి. అడ్డగీత ఉంటే మోసపోయారు, వెనక్కి తిరగాలి. దారి వేసేవాణ్ణి కుందేలు అంటారు. వెనక పరిగెత్తేవాళ్లంతా వేటకుక్కలు. చదువుకున్న పెద్దమనుషులు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, చర్చిలో పాటలు పాడేవాళ్లు ఒకరినొకరు కుక్కలని పిలుచుకుంటూ బురదలో పడుతూ లేస్తూ సంతోషంగా ఉంటారు.

ధర్మలింగం ఈ గుర్తులన్నీ వంటింటి బల్ల మీద గీసి చూపించాడు. పేరిందేవి ఒక్కసారికే పట్టేసింది.

"ఇది ముగ్గే కదండీ. కాకపోతే కలపకుండా వదిలేస్తున్నారు," అంది.

"కలిపేది కాళ్లతోనే."

"అయితే మీ వాళ్లకు మన డబ్బా ఇవ్వండి. సంచిలో పిండి తీసుకెళ్తే వానకు ముద్దవుతుంది."

అలా నేను క్లబ్బు డబ్బానయ్యాను. వారం వారం కుందేలు ఎవరైతే వాళ్ల నడుముకు నన్ను కట్టుకుని వెళ్లేవాళ్లు. నా మూత బిగువును అందరూ మెచ్చుకున్నారు. మంగళగిరి వాకిళ్లు తప్ప ఏమీ చూడని నేను ఇంగ్లండు పల్లెలన్నీ చూశాను. కాలవ గట్టున బారులు తీరిన పడవలు, నీలం పూలు పరుచుకున్న అడవి, గొర్రెలు కదలకుండా నిలబడి చూసే పచ్చిక మిట్టలు, ఏ చేను నుంచి చూసినా ఎక్కడో ఒక చర్చి మొన. వాన పడని ఆదివారం మాత్రం చూడలేదు. ధర్మలింగం పేరు నోరు తిరగక లెన్ అన్నారు. ఆయన దానికీ మురిసిపోయాడు. ఇంటికొచ్చి నన్ను లెన్ అంటున్నారే అని చెప్పాడు. అదేం పేరండీ, సగం తిని వదిలేసినట్టుంది అంది పేరిందేవి.

పబ్బులో ఒక చెక్క బోర్డు ఉండేది. కొత్త సంవత్సరం వచ్చాక మొదటి ఆదివారం పెద్ద పరుగు పెడతారు. చుట్టుపక్కల క్లబ్బుల వాళ్లంతా వస్తారు. ఆ రోజు ఎవరు దారి వేస్తే వాళ్ల పేరు ఆ ఏడాది ఎదురుగా బంగారు రంగుతో బోర్డు మీద రాస్తారు. క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచి ఆ పేర్లన్నీ అలా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ధర్మలింగానికి కోరిక అంటూ ఒకటుంటే అదే. మిల్లులో జీతం పెంచమని అడగడానికి నోరు రాని మనిషి, ఆ బోర్డు మీద పేరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఎప్పుడూ ఎవరికో ఒకరికి వంతు వచ్చేది. చివరికి ఒక డిసెంబరులో బెర్నార్డే వచ్చి చెప్పాడు, ఈసారి కుందేలువి నువ్వే అని. ఆ సాయంత్రం పేరిందేవి బొబ్బట్లు చేసింది. బెర్నార్డ్ నాలుగు తిని, లోపల పెట్టింది పప్పు అంటే నమ్మలేదు.

పరుగు రోజు తెల్లవారి లేచేసరికి ఊరంతా మంచు. కిటికీలోంచి చూసిన ధర్మలింగం కుర్చీలో కూలబడ్డాడు. తెల్లటి మంచు మీద తెల్లటి పిండి ఎవరికి కనిపిస్తుంది? ఇంకో రోజుకు మార్చమని అడుగుతానన్నాడు. అడిగితే వంతు ఇంకొకరికి పోతుందని ఆయనకూ తెలుసు. పేరిందేవి నన్ను దించి, పిండిలో పసుపు గుమ్మరించి, చెయ్యి పెట్టి కలిపింది. ఒక గుప్పెడు తీసుకెళ్లి గుమ్మం ముందు మంచు మీద చల్లి చూపించింది. తంగేడు పూలు రాలినట్టు పడింది.

ధర్మలింగం ఆమె వంక చూసి నవ్విన నవ్వు నేనూ చూశాను.

ఆ పొద్దున ఆయన వేసిన దారి అంత చక్కగా ఎవరూ వేయలేదు. చర్చి వెనక గేటు దగ్గర మొదలు. కాలవ గట్టు వెంట పోయి, చిన్న వంతెన దాటి, దున్నిన చేనుకు అంచుగా మళ్లి, బీచ్ అనే చెట్ల అడవిలో రెండు మోసపు దారులు వేసి, మిట్ట ఎక్కాడు. మంచు మీద మా వెనక పసుపు చుక్కలు బారుగా వస్తుంటే ఆయన ఆగి ఆగి తిరిగి చూసుకునేవాడు. మిట్ట దిగితే ఒక గొర్రెల చేను. మిగతా దారులన్నీ జనం హక్కు. ఈ ఒక్క చేను మాత్రం రైతు దయతో ఇచ్చిన దారి. క్లబ్బువాళ్లు క్రిస్మస్‌కు అతనికి ఒక సీసా పంపి, ఏడాదంతా అందులోంచి పరిగెత్తేవాళ్లు. అది దాటితే పబ్బు.

ఆ చేను గేటు దగ్గర నేల మీద మంచు లోతుగా ఉంది, చుక్క వేస్తే దిగిపోతోంది. ధర్మలింగం ఒక్క క్షణం ఆలోచించాడు. చెయ్యి తడిచేసి, గుప్పెడు పసుపుపిండి తీసుకుని, గేటు గుంజ మీద రాశాడు. ఒక గుంజకు రాసి ఊరుకుంటే సరిపోయేది. రెండో గుంజకూ రాశాడు. తరువాత అడుగున ఉన్న అడ్డపట్టీకి ఈ చివర నుంచి ఆ చివరదాకా పూశాడు. అది దారి గుర్తు కాదు. తెల్లవారి లేచి గడపకు పసుపు రాసే ఇంట్లో పుట్టిన చెయ్యి అది. మంచి రోజు గడప కనిపిస్తే ఊరుకోలేదు. ఎవరి గేటైతేనేం, పసుపు రాస్తే ఎవరైనా సంతోషిస్తారనుకున్నాడు.

ఆ రైతు గొర్రె ఒకటి ముందురోజు చలికి చచ్చిపోయిందట. అతను అటు వచ్చేసరికి ఒక నల్లటి మనిషి ఇత్తడి పాత్ర పట్టుకుని తన గేటుకు పచ్చటి పొడి ఏదో పూస్తున్నాడు. పక్కనే గొర్రెల తొట్టి. ధర్మలింగం చెయ్యెత్తి పలకరించాడు. రైతు చెయ్యెత్తలేదు. కుక్కను వదిలాడు. అది నిజం కుక్క.

పోలీసులు వచ్చారు. ఇద్దరు. వాళ్లు దురుసుగా ఏమీ లేరు, సర్ అని కూడా అన్నారు. ఆయన పరుగు అన్నాడు, కుందేలు అన్నాడు, దారి వేస్తున్నాను అన్నాడు. వింటున్నకొద్దీ వాళ్ల మొహాలు బిగుసుకున్నాయి. పబ్బులో అడగండి, బెర్నార్డ్ చెప్తాడు అన్నాడు. సరేనని ఆయన్ను కారు వెనక సీటులో కూర్చోబెట్టి, నన్ను ముందు సీటులో పెట్టి పబ్బుకు తీసుకెళ్లారు. రైతు తన బండిలో వెనకే వచ్చాడు.

పబ్బు ముందు కొత్త బనియన్లు వేసుకుని అంతా గుమిగూడి ఉన్నారు. కారు అద్దం కొద్దిగా దించి ఉంది, ప్రతి మాటా మాకు వినిపించింది.

"ఇతను మీకు తెలుసా?" అని అడిగాడు పోలీసు.

"తెలుసు. మా మిల్లులో పనిచేస్తాడు," అన్నాడు బెర్నార్డ్. "అప్పుడప్పుడు మాతో పరిగెత్తడానికి వస్తుంటాడు."

"ఇవాళ దారి వేసేది తనేనంటున్నాడు."

బెర్నార్డ్ కారు వైపు చూడలేదు. దాని వెనక తన బండికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడిన రైతు వైపు చూశాడు. ఇది క్లబ్బు చేసిన పని అంటే ఆ చేను దారి ఆ పూటతో మూసుకుపోతుంది. చుట్టుపక్కల క్లబ్బులన్నీ వచ్చి నిలబడి ఉన్నాయి.

"దారి వేసేది నేను," అన్నాడు. "ఆ పచ్చపొడి సంగతి మాకు తెలియదు."

చుట్టూ అంతమంది ఉన్నారు. ఏళ్లకేళ్లు నన్ను నడుముకు కట్టుకుని తిరిగినవాళ్లున్నారు. అందరూ తమ బూట్ల తాళ్లు చూసుకున్నారు.

ఆ మాట అన్నాక దారి వేయక తప్పదు కదా. పబ్బు వంటింట్లోంచి పొయ్యి బొగ్గు పొడి అడిగి తీసుకుని బెర్నార్డ్ బయలుదేరాడట. గొర్రెల చేనులో మాత్రం వేశాడు, రైతు పక్కనే నడిచాడు. మిగిలిన దారికి పసుపు చుక్కలు ఉండనే ఉన్నాయి. వేటకుక్కలన్నీ వాటి వెంటే పరిగెత్తి వచ్చాయి. ఇంత తేలిగ్గా కనిపించిన దారి ఎన్నడూ లేదని మెచ్చుకున్నాయి.

ధర్మలింగాన్ని స్టేషన్‌కు తీసుకెళ్లి చీకటి పడ్డాక వదిలారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే వంటింట్లో కూర్చున్నాడు. జరిగింది మొత్తం చెప్పాడు. అప్పటికి నేను స్టేషన్లోనే ఉన్నాను. ఆ మాటలు తరువాత పేరిందేవి తనలో తను ఎన్నిసార్లు అనుకుందో, నాకు కంఠతా వచ్చాయి.

"గొర్రె చచ్చిందటే."

"చలికి గొర్రె చస్తే పసుపుదా తప్పు? మీ బెర్నార్డ్ ఏమన్నాడు?"

"తనే వేస్తున్నానన్నాడు."

"మరి మీరు?"

"నేనేమంటాను. నేను అబద్ధం ఆడానని రాసుకున్నారు."

పేరిందేవి ఆయన చేతుల వైపు చూసింది. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు ఉంది.

నన్ను ఎండాకాలం వచ్చేదాకా స్టేషన్లో ఒక అరలో ఉంచారు. నాకు అటు దొంగిలించిన రేడియో, ఇటు సైకిలు పంపు. నా కడుపులోని పిండిని తీసి ఎక్కడికో పరీక్షకు పంపారు. గోధుమపిండి, కూరల్లో వేసే దినుసు అని తేలింది. తిరిగి ఇచ్చేటప్పుడు పోలీసు నవ్వుతూ, ఇకమీదట గొర్రెను వండాక వేసుకోండి అన్నాడు. అది అతని దృష్టిలో క్షమాపణ కాబోలు.

ఈలోగా పబ్బు బోర్డు మీద ఆ ఏడాది ఎదురుగా బంగారు రంగు ఆరిపోయింది. అక్కడ బెర్నార్డ్ పేరుంది. పోలీసులకు చెప్పిన మాట బోర్డు మీద ఇంకో రకంగా రాయడం కుదరదు కదా.

ధర్మలింగం మళ్లీ పరిగెత్తలేదు. బస్సు కోసం కూడా పరిగెత్తలేదు, పోతే ఇంకో బస్సు అనేవాడు. ఎప్పుడైనా ఊరి బయటకు వెళ్తుంటే, కంచె పక్కన పసుపు బాణం వచ్చే చోట తల అవతలికి తిప్పుకునేవాడు. మిల్లులో బెర్నార్డ్ కిందనే రిటైరయ్యేదాకా పనిచేశాడు. ఇద్దరూ వాన గురించీ మెషీన్ల గురించీ మాట్లాడుకునేవాళ్లు. ప్రతి క్రిస్మస్‌కూ బెర్నార్డ్ ఒక రేకు డబ్బా నిండా బిస్కెట్లు పంపేవాడు. ఆ డబ్బాలు ఏటా వచ్చి నా పక్కన చేరాయి. ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో మినప్పప్పు, ఒకదాంట్లో ఉప్మారవ్వ. రాణిగారి బొమ్మ ఉన్నదాంట్లో ఎండుమిరపకాయలు. చెడ్డ డబ్బాలు కావు. వాటితో నాకు మాటల్లేవు.

పేరిందేవి మాత్రం ఊరుకోలేదు. వెళ్లి అడగండి, మీ పేరు రాయమనండి అని ఏళ్లపాటు పోరు పెట్టింది. వద్దులే, చిన్న విషయం అనేవాడాయన. చిన్న విషయమైతే మీ మొహం ఎందుకలా అయింది అనేది. జబ్బు చేసి మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఆమె ఆయన కాళ్లకు నూనె రాస్తుంటే, తనంతట తనే దారి చెప్పడం మొదలుపెట్టాడు. చర్చి వెనక గేటు. కాలవ గట్టు. చిన్న వంతెన. దున్నిన చేను. బీచ్ చెట్లు. మిట్ట. మిట్ట దిగాక ఆగిపోయాడు. ఆ తరువాత ఏముందండీ అని ఆమె అడిగింది. తెలియదే, నేను వెళ్లలేదు అన్నాడు. ఆ వారమే పోయాడు.

ఆయన పోయాక లెస్టర్ తెలుగువాళ్ల సంఘంలో ఒక టీచరమ్మ పెద్దవాళ్లకు అక్షరాలు చెప్తానంటే పేరిందేవి వెళ్లింది. ముందు తెలుగు, తరువాత ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, బోర్డుల మీద రాసేవి. కాస్త కూడబలుక్కునే శక్తి రాగానే, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఎల్డర్‌బీ వెళ్లి, పబ్బులోకి అడుగుపెట్టి, బోర్డు ముందు నిలబడింది. ఆ ఏడాది వెతికి వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుకుంది. బల్ల దగ్గరి కుర్రాడు ఏం కావాలి అని అడిగితే, ఏమీ వద్దు, చదువుతున్నాను అంది. ఆ రోజు సంచిలో నేను లేను. నాకు ఆమె మొహం చూస్తే తెలిసింది.

ఇక రెండేళ్ల కిందటి సంగతి. తలుపు కొట్టి ఇద్దరు వచ్చారు. ఒకరు బెర్నార్డ్. చేతికర్ర, వినికిడి యంత్రం, అవే ఎర్రటి చెవులు. ఇంకొకామె క్లబ్బుకు కొత్త కార్యదర్శి, హేజెల్ అని చలాకీ అమ్మాయి. క్లబ్బు పెట్టి యాభై ఏళ్లయిందట. పబ్బులో బోర్డు కింద అద్దాల అర ఒకటి చేయిస్తున్నారట, అందులో నన్ను పెడతారట. ఎందుకో తెలుసా, జనవరి పెద్ద పరుగును ఇప్పుడు 'పసుపు ఆదివారం' అంటారట. అందరూ పసుపు చొక్కాలు వేసుకుంటారట. పిండిలో పసుపు కలుపుతారట. పరుగు అయ్యాక లెన్ కథ చెప్పుకుని కడుపు పగిలేలా నవ్వుకుంటారట.

హేజెల్ ఆ కథ అక్కడే చెప్పి చూపించింది కూడా. రైతు, గొర్రె, విషం అనుకోవడం, పరీక్ష చేస్తే కూరలో వేసేదని తేలడం. పోలీసు చెప్పిన హాస్యం కూడా చెప్పింది. చెడ్డ పిల్ల కాదు. ఆమె పుట్టేనాటికే అది కథ అయిపోయింది. బెర్నార్డ్ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

పేరిందేవి అంతా విని, "ఆ ఏడాది ఎదురుగా బోర్డు మీద ఎవరి పేరుంది?" అని అడిగింది.

హేజెల్ బెర్నార్డ్ వైపు చూసింది. "బెర్నార్డ్‌ది," అంది.

"దారి వేసింది ఎవరు?"

హేజెల్ నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"ఆ పేరు మార్చండి," అంది పేరిందేవి. "డబ్బా పట్టుకెళ్లండి. ఊరికే ఇస్తాను."

"పెర్రీ, ఇన్నాళ్లయ్యాక ఎందుకు," అన్నాడు బెర్నార్డ్. పేరిందేవి అనడానికీ వాళ్లకు నోరు తిరగదు. "అందరం నవ్వుకుంటున్నాం కదా ఇప్పుడు. లెన్ ఉంటే తనూ నవ్వేవాడు."

"ఆయన ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు. రోజూ మీ ఎదురుగానే పనిచేశాడు. ఒక్కసారి నవ్వాడేమో మీరే చెప్పండి."

బెర్నార్డ్ టీ కప్పు బల్ల మీద పెట్టి చేతికర్ర అందుకున్నాడు.

అబద్ధం చెప్పను, నాకు వెళ్లాలని ఉంది. అద్దాల అర, లోపల చిన్న దీపం, కింద మెత్తటి గుడ్డ. రేకు డబ్బాల మధ్య పొగచూరి ఉండేదానికి ఆశ ఉండదా? ఆమె నన్ను ఇచ్చేసి ఉంటే ఒక్కమాట అనేదాన్ని కాదు.

క్లబ్బు కమిటీ కూర్చుని మాట్లాడుకుని కబురు పంపింది. బోర్డు అంటే చరిత్ర, చరిత్రను దిద్దడం పద్ధతి కాదు, కావాలంటే కింద వేరేగా చిన్న ఇత్తడి పలక మీద లెన్ జ్ఞాపకార్థం అని వేయిస్తాం అని. వద్దని చెప్పించింది పేరిందేవి.

తరువాత ఒక వానరోజు బెర్నార్డ్ ఒక్కడే వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. గుమ్మంలోనే నిలబడి, గీకేశాను అన్నాడు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పబ్బుకు వెళ్లి, కుర్చీ ఎక్కి, పొయ్యిలో బూడిద లాగే ఇనప గోరుతో తన పేరు చెక్కదాకా గీకేశాడట. దిగేటప్పుడు క్లబ్బువాళ్లు చూశారట.

పేరిందేవి ఆయన్ను లోపలికి రమ్మంది. కుర్చీ జరిపింది. ఆమె చెయ్యి నా కడియం మీద పడింది. నన్ను ఇచ్చేస్తుందనే అనుకున్నాను.

"ఎందుకు గీకావని అడిగారా?" అంది.

"అడిగారు."

"ఏం చెప్పారు?"

బెర్నార్డ్ వేళ్లకు చుట్టిన గుడ్డ సవరించుకున్నాడు. "వయసు మీదపడి మతి తప్పిందని వాళ్లే అనుకున్నారు," అన్నాడు. "హేజెల్ నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. నేను కాదనలేదు."

పేరిందేవి నా కడియం వదిలేసింది.

వారం తిరగకుండా కమిటీవాళ్లు పెయింటర్ని పిలిపించి, అదే వరుసలో, అదే బంగారు రంగుతో బెర్నార్డ్ పేరు మళ్లీ రాయించారు. పాపం పెద్దాయన అని, ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయించారట. ఈ సంగతి హేజెల్ ఫోన్ చేసి చెప్పింది. చెప్తూ ఏడ్చిందో జలుబు చేసిందో తెలియదు. ఆ శీతాకాలమే బెర్నార్డ్ పోయాడు. పరుగు క్లబ్బువాళ్లంతా పసుపు చొక్కాలు వేసుకుని వెళ్లి మట్టి ఇచ్చారు.

నేను పొయ్యి పక్క అరలోనే ఉన్నాను. పేరిందేవి రోజూ మూత తీస్తుంది, చిటికెడు తీసుకుని పప్పులో వేస్తుంది, మూత బిగిస్తుంది. నా లోపల ఉన్నది పసుపు. అన్నంలో వేస్తే అన్నానికి, గడపకు రాస్తే గడపకు రంగు ఇస్తుంది. చేతికి అంటితే రెండు రోజులు పోదు. అంతకు మించి దానికి ఏ పాపమూ తెలియదు.

జొన్నాదుల పేరిందేవి
వయసు డెబ్బై ఆరు
ప్రస్తుతం ఉంటున్నది: లెస్టర్, ఇంగ్లండు